బాగైపోయిన పేషెంటు

నేలవేము కషాయం సగానికి మరిగేదాకా మోహన పొయ్యి దగ్గరే నిలబడింది. కాచేది ఆమె, వడకట్టేది ఆమె, వీడియోకు వెనకాల తెల్ల దుప్పటి కట్టేది కూడా ఆమే. చెప్పేది మాత్రం మొగుడు ధనంజయ. పగలంతా సిమెంటు కొట్టు, సాయంత్రమైతే తెల్లకోటు తొడుక్కుని యూట్యూబులో వైద్యుడు.

"మొగం అట్ల యాలాడేసుకుంటే ఎట్లమే? పేషెంటు మాదిరి ఉండావు."

"పేషెంటునే గదా."

"బాగైపోయిన పేషెంటువి! నవ్వు."

ఆమె నవ్వేది. ఆ నవ్వు కింద 'నలభై రోజుల్లో సుగరు మాయం' అని ఎర్ర అక్షరాలు పడేవి. నాలుగు నెలల కిందట ఆమె మాత్రలను చెత్తబుట్టలో పారేసింది అతనే. కళ్ళు మసకబారుతున్నాయంటే, "ఫోను సూస్తే అంతే" అన్నాడు. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయంటే, "మీ అమ్మా అంతే, పనంటే తిమ్మిరే" అని అత్త నవ్వింది.

మొన్న ధనంజయ స్నానానికి పోయినప్పుడు అతని ఫోను మోగితే మోహన ఎత్తింది. పుత్తూరు నుంచి దేవకమ్మ అట.

"వీడియోలో నీ మొగం సూసే మాత్రలు మానేసినా పాపా. కాలి బొటనవేలు నల్లబడిపోయినాది. ఇంకో గ్లాసు ఎక్కువ తాగేదా?"

"వద్దమ్మా! ఇప్పుడే ఆస్పత్రికి పో," అంది మోహన.

మరునాడు ఎవరికీ చెప్పకుండా ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. పరగడుపునే సుగరు మూడు వందల పది. నర్సు చీటీ రాసిస్తూ కసిరింది. "ఫోన్లో ఎవురో చెప్తే మాత్రలు మానేస్తావా? చెప్పేది ఎవురు, రుజువేంది అని అడగాల గదమ్మా!"

చెప్పేది తన మొగుడు. రుజువు తాను.

నర్సు రిజిస్టరు తిరగేసింది. "మీ ఇంటాయన సుగరు మాత్రలు గూడా అయిపోయింటాయి, తీసకపో. రెండేండ్లుగా ఒక్క నెల తప్పలేదు మహానుబావుడు. ఆయన్ని సూసి నేర్చుకో."

నేర్చుకుంది. దారి పొడుగునా నేర్చుకుంటూనే వచ్చింది. అతను తనను గాలానికి వానపామును గుచ్చినట్టు గుచ్చి అరవై వేల మంది ముందు వేలాడదీశాడు. ఏడవాలనిపించలేదు. ఇంట్లో అరిస్తే గోడలకు వినిపిస్తుంది, అంతే. ఎక్కడ తనను చూపించాడో అక్కడే తేల్చుకోవాలి.

ఆదివారం లైవు. "మా ఇంటామె మాటల్లోనే ఇనండి," అన్నాడు ధనంజయ. ఎవరూ చెప్పకుండానే మోహన నవ్వింది. చీటీని కెమెరాకు దగ్గరగా పట్టుకుంది.

"నాకు సుగరు పోలేదు. మూడు వందల పది ఉండాది. నా మొగం సూసి మాత్రలు మానేసినోళ్ళు రేపే డాక్టరు దగ్గరికి పోండి. ఒకామెకు బొటనవేలు నల్లబడిపోయినాది."

అతని చెయ్యి ఫోను మీదికి దూకింది. ఆ చేతిని పట్టుకుని, మోహన అందులో ఒక మాత్ర పెట్టింది.

"మీ సుగరు మాత్ర. ఏసుకోండి, అందరూ సూస్తా ఉండారు."