కచోరీ కవరుకు ఇరవై నాలుగు వోల్టులు

మా పీహెచ్‌డీ గైడు మండ్లోయిగారి కుడిచేతిలో ఏదో మహిమ ఉండేది. నొక్కితే కరెంటు పుట్టే ప్లాస్టిక్‌లో అరశాతం గ్రాఫీన్ అనే కార్బన్ పొడి కలిపి నేనో పల్చటి రేకు తయారుచేశాను. దాన్ని నేను నొక్కితే మీటరు సున్నా పాయింట్ ఎనిమిది వోల్టులు చూపేది. ఆయన నొక్కితే ఇరవై! అదే రేకు, అదే మీటరు. ఇండోర్ పేపర్లన్నీ ఆ చేతి ఫోటో వేశాయి.

"నీ చేతిలో సత్తువ లేదు మృదులా. పొద్దున్నే పోహా తినకుండా వస్తావా ఏంటి?" అనేవారు.

రెండు ప్లేట్లు తినే వచ్చేదాన్ని. సత్తువ చేతిలో లేదు, ఆయన తొడుక్కునే నీలం రబ్బరు గ్లౌజులో ఉంది. దువ్వెనను జుట్టుకు రుద్దినట్టే, రబ్బరు ప్లాస్టిక్‌ను తాకి వదిలినా కరెంటు పుడుతుంది. నేను చేతికి ఎర్త్ తీగ కట్టుకుని ఉత్త వేలితో నొక్కేదాన్ని కాబట్టి రేకు సొంత కరెంటే కనిపించేది. గ్రాఫీన్ కలపని రేకు ఇచ్చేదానికి అది రెట్టింపు. నా ఆరేళ్ల కష్టమంతా ఆ రెట్టింపే. ఈ సంగతి ఆయనకు నలభై ఒక్క మెయిళ్లలో రాశాను. గ్లౌజు లేకపోతే ఫోటోలో సైంటిస్టులా ఉండదని ఒకే ఒక్క జవాబు వచ్చింది.

చివరికి థీసిస్ ఆరో అధ్యాయం నిండా ఇరవై వోల్టులే రాయించారు. నా పాయింట్ ఎనిమిదిని చిట్టచివర అనుబంధంలో దాచుకున్నాను. తన పేరున్న పేజీ దాటి ఆయన చదవరని నాకు తెలుసు.

వైవా రోజు వచ్చింది. నా గడువు ఆ నెలతో సరి. ఆయన సంతకం పడకపోతే ఆరేళ్లూ గంగపాలే. నోరు మూసుకుంటే డాక్టర్ మృదులా ధనోతియా, విప్పితే ఉత్త మృదుల. పైగా పరీక్షకుల ఫలహారం కూడా పరీక్షకు కూర్చునే మనిషే ఏర్పాటు చేయాలన్నది మా ఆనవాయితీ. కచోరీలు తెప్పించాను.

పుణె నుంచి వచ్చిన పరీక్షకురాలు కేళ్కర్ మేడమ్ సగం వినగానే చెయ్యెత్తారు. "మండ్లోయిగారూ, ఒకసారి మీరే నొక్కి చూపించండి."

ఆయన పెళ్లికొడుకులా ముస్తాబై గ్లౌజు తొడుక్కుని నొక్కారు. ప్లస్ ఇరవై.

"ఇప్పుడు రేకును తిరగేయండి. తీగలు మాత్రం పైది పైనే, కిందది కిందే. రేకు ఇచ్చే కరెంటే అయితే ప్లస్సు మైనస్సు కావాలి కదా?"

మళ్లీ ప్లస్ ఇరవై.

"ఇవాళ కాస్త మొండికేసినట్టుంది," అన్నారు మండ్లోయిగారు.

"పోనీ, గ్రాఫీన్ లేని మామూలు ప్లాస్టిక్ ఏదైనా ఉందా?"

ల్యాబ్ అటెండర్ భేరూ కాకా ఓ మూల కచోరీల పొట్లం విప్పుతున్నాడు. "ఇది పనికొస్తుందా మేడమ్?" అంటూ పైనున్న ప్లాస్టిక్ కవరు ముక్క కత్తిరించి ఇచ్చాడు. రేకు తీసి దాన్ని బిగించారు. గ్లౌజు నొక్కింది. ఇరవై నాలుగు!

"అబ్బో! మన గ్రాఫీన్ కంటే కచోరీకే దమ్ముంది సార్!" అన్నాడు కాకా మనస్ఫూర్తిగా.

మేడమ్ థీసిస్ చివరి పేజీలు తీశారు. "చూడమ్మాయ్, ఇందులో రెండు అంకెలున్నాయి. నీది ఏది?"

మండ్లోయిగారు కళ్లు పెద్దవి చేసి నా వైపు చూశారు. సంతకం సంగతి మరిచిపోకు అన్నట్టే ఉంది ఆ చూపు. ఒక్క అబద్ధమే కదా అనుకున్నాను కూడా. కానీ ఆ ఇరవైని చూస్తుంటే ఒళ్లు మండింది.

"పాయింట్ ఎనిమిది నాది మేడమ్. ఇరవై గ్లౌజుది."

మేడమ్ మా గైడుగారి గ్లౌజు తీయించి, మణికట్టుకు ఎర్త్ తీగ కట్టించారు. ఆరేళ్లలో మొదటిసారి ఆయన ఉత్త వేలితో నా రేకును నొక్కారు. ప్లస్ పాయింట్ ఎనిమిది. తిరగేస్తే మైనస్ పాయింట్ ఎనిమిది. ఆ మైనస్ గుర్తును చూసి నాకు ఏడుపొచ్చేసింది.

"ఆరో అధ్యాయం తీసేసి అనుబంధాన్ని ఆ చోట పెట్టు. పాసయ్యావు," అన్నారు మేడమ్. ఆవిడ కాగితం ముందుకు తోశాక మండ్లోయిగారు సంతకం పెట్టక ఏం చేస్తారు?

"ఈ ముక్క ముందే చెప్పి ఉండొచ్చుగా మృదులా?" అన్నారు నొచ్చుకుంటూ.

"చెప్పాను సార్, నలభై ఒక్కసార్లు."

ఆయన వినిపించుకోలేదు. ఇరవై నాలుగు వోల్టులిచ్చిన కచోరీ కవరును జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుంటున్నారు.