వెనకసీటు

దబ్బనం పరుపులో దిగి అవతలికి రానని మొరాయించింది. పరుపులక్క మోకాలు ఆనించి పళ్లబిగువున లాగింది. పురికొస బిర్రుగా వచ్చి ముడి పడింది. కిటికీ రెక్కలు మూసే ఉన్నాయి. తలుపు కింది సందులో గోనెపట్టా కుక్కి ఉంది. ఏకిన దూది ఉన్నచోట గాలికి పనిలేదు. కాస్త దారి ఇస్తే చాలు, ఊళ్లోవాళ్ల పరుపులన్నీ కప్పుకి అంటుకుంటాయి. అందుకే ఆ గదిలో ఫ్యాను లేదు. ఆమెకి ఇరవై ఏళ్లప్పుడూ లేదు, యాభై దాటాక ఇప్పుడూ లేదు. చెమట పట్టిన కనుబొమ్మల మీద దూది అంటుకుని, మధ్యాహ్నానికల్లా ఆమె నాటకంలో ముసలి రుషి వేషానికి సిద్ధమైనట్టు కనిపించేది.

అమ్మానాన్నలు పోయినప్పుడు తమ్ముడికి లాగూ బొత్తాం పెట్టుకోవడం కూడా రాదు. వాడికి అన్నం పెట్టింది ఈ దబ్బనమే. పెళ్లి అనే మాట రెండుమూడుసార్లు గడప దాకా వచ్చింది. దూది ఎగురుతుందని ఎవరూ తలుపు తీయకపోయేసరికి దాని దారిన అది పోయింది.

"అక్కా, ఇంక లే. ఆ బండ్ల షెడ్డువాడు తాళం వేసుకుని పోతాడు," అన్నాడు తమ్ముడు బయటినుంచి.

ఇవాళ పాత పికప్ బండి ఒకటి కొనాలి. లాడ్జీవాళ్లు పరుపులన్నీ మీరే కుట్టండి, కానీ సొంత బండిలో తెచ్చి దించాలి అన్నారు. అద్దెబండివాడిని నమ్ముకుంటే వాడు తన మామగారి ఊరు మీదుగా వస్తాడు. పైగా పరుపుని మడిచి కుక్కుతాడు. మడిచిన దూది గడ్డకడుతుంది, దానిమీద పడుకున్నవాడు పొద్దున లేచి తిడతాడు.

పరుపులక్కకి ఇంకో సంగతి కూడా తేలాలి. ఊరి అవతల ఆడపిల్లలకి కుట్టు నేర్పే బళ్లో ఆమెకి ఉద్యోగం ఇచ్చారు. ఉండటానికి గది కూడా. వెళ్లి చూసొచ్చింది. గదికి తెరుచుకునే కిటికీ ఉంది, కప్పుకి ఫ్యాను ఉంది. వార్డెనమ్మ స్విచ్చి వేస్తే, కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా చూసింది. ఇవాళ రాత్రికే గదిలో దిగి, రేపు పొద్దున పనిలో చేరాలి. పరుపులు కుట్టడం తమ్ముడికీ మరదలికీ ఎప్పుడో నేర్పేసింది. మరదలికి చెప్పింది. తమ్ముడికి చెప్పలేదు. చెబితే తనవల్ల ఏం లోటొచ్చిందని కూలబడిపోతాడు, బండి సంగతి మరిచిపోతాడు. ముందు బండి, ఆ తర్వాత మాట.

ముగ్గురూ షెడ్డుకి వెళితే, బ్రోకరు నల్లకళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ప్రతి బండినీ సొంత కూతురిలా పొగిడాడు. చివరికి రెండు మిగిలాయి. నీలం బండికి ముందు రెండే సీట్లు, వెనక పొడుగాటి తొట్టి. హెడ్‌లైటు ఒకటి కాస్త మెల్లకన్ను. తెల్లబండికి నాలుగు తలుపులు, మెత్తటి వెనకసీటు, దాని వెనక పీనాసివాడు కట్టించిన వరండా అంత తొట్టి.

తమ్ముడు తెల్లబండి వెనకతలుపు తీసి పట్టుకున్నాడు. "ఎక్కక్కా."

"ముందు తొట్టి చూడరా."

వాడు చెప్పులు విడిచి తొట్టిలోకి ఎక్కి వెల్లకిలా పడుకున్నాడు. పొడుగు మనిషి. మోకాళ్లు గడ్డం దగ్గరికి వచ్చాయి.

"సరిపోయింది," అన్నాడు ఆకాశంతో.

"పరుపుకి మోకాళ్లుండవురా!"

"ఇక మీ తమ్ముడు దిళ్లే కుడతారేమో వదినా. వాటికి దివ్యంగా సరిపోతుంది," అంది మరదలు.

"మనుషులు పడుకోడానికి కాదండీ అది," అన్నాడు బ్రోకరు, జాగ్రత్తగా.

తమ్ముడు లేచి కూర్చున్నాడు. "పరుపుని ఆటో ఎక్కించి, దాని వెనక నిన్ను నడిపించాను అక్కా. వానలో కూడా నడిచావు. మళ్లీ రెండు సీట్ల బండి కొని, నిన్ను తొట్టిలో పడెయ్యమంటావా? నాకోసం నువ్వు చేసిన త్యాగాలు చాలు."

పరుపులక్కకి ఒళ్లు మండింది. ఈ మాట వాడు పెళ్లిపందిట్లో అన్నాడు, ఇల్లు కట్టినప్పుడు అన్నాడు, ఆమెకి జ్వరం వచ్చి రెండు పూటలు తిననప్పుడు కూడా అన్నాడు.

"త్యాగమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. నాకు ఫ్యాను కావాలిరా!"

"ఈ బండిలో ఏసీనే ఉందండీ," అన్నాడు బ్రోకరు ఆశగా.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. కుట్టు నేర్పే బడి, గది, కిటికీ, రేపు పొద్దున చేరడం, అన్నీ అక్కడే నిలబడి చెప్పేసింది. తమ్ముడు టైరు మీది గాట్లని వేలితో తడుముతూ విన్నాడు.

"నేనేమన్నా అన్నానా?"

"లేదు."

"ఇదేమన్నా అందా?"

"ఇదంటే నేనేనా?" అంది మరదలు. "ఇది ఏమీ అనలేదు. ట్రంకుపెట్టె సర్దింది కూడా ఇదే."

"ఎవరూ ఏమీ అనలేదురా తమ్ముడూ," అంది పరుపులక్క. "ఎవరూ ఏమీ అనకపోయినా ఉక్కపోస్తుంది."

తమ్ముడు వెళ్లి నీలం బండి తొట్టిలో పడుకున్నాడు. కాళ్లు బారుగా చాపాడు, ఇంకా జాగా మిగిలింది. కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు.

"నిద్రపోయారా ఏంటండీ?" బ్రోకరు గుసగుసగా అడిగాడు.

"కొలత తీసుకుంటున్నారు," అంది మరదలు.

వాడు లేచి భుజంతో మొహం తుడుచుకున్నాడు. "ఇది స్టార్ట్ చెయ్యండి." ఇంజను దగ్గి, గొంతు సవరించుకుని, పనిలో పడింది. బేరం అయ్యాక మెకానిక్కు కూర్చునే ముక్కాలిపీట చూపించి, అదీ కావాలన్నాడు.

"అది మావాడిదండీ!"

"ఆయనకి ఇంకోటి చేయించండి. బండి ఎత్తుగా ఉంది. మా అక్క ఎక్కాలి, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ."

వచ్చేటప్పుడూ అన్నాడు. పరుపులక్క ఆ మాట పట్టుకుని, పీట మీద కాలు పెట్టి ఎక్కి కూర్చుంది.

ఇంటికెళ్లి ట్రంకుపెట్టె ఎక్కించుకుని, ఎండ వాలకముందే కుట్టు బడి గేటు చేరారు. మరదలు తొట్టిలో ట్రంకుపెట్టె పక్కన, గాలికి ఎగిరే జుట్టుతో, ఊరేగింపుకి వచ్చినట్టు కూర్చుని వచ్చింది. తమ్ముడు పీట వేసి అక్క చెయ్యి పట్టుకుని దించాడు. పెట్టె గదిలో పెట్టాడు, స్విచ్చి వేశాడు, ఫ్యాను తిరగడం చూశాడు. కిటికీ రెండు రెక్కలూ తానే తెరిచాడు.

"మరీ జోరుగా పెట్టుకోకు. జలుబు చేస్తుంది."

"పోరా, పెద్ద చెప్పొచ్చావు."

బండి కదిలాక చూసుకుంది.

"ఒరేయ్, పీట!"

"ఉండనీ! ఆదివారం వస్తా!" వాడి చెయ్యి మాత్రం బయటికి వచ్చి ఊగింది. మెల్లకన్ను దీపంతో బండి మలుపు తిరిగింది. పరుపులక్క కాసేపు నిలబడి, ఫ్యాను ఊరికే తిరుగుతోందని గుర్తొచ్చి, లోపలికి నడిచింది.

గేటు పక్కన ముక్కాలిపీట, ఆమె బరువుకి ఒక కాలు మెత్తటి మట్టిలో దిగి, కాస్త వంగి రోడ్డువైపు చూస్తూ ఉండిపోయింది.