అరువు తెచ్చిన ఇత్తడి

మరో విస్తరాకు కుట్టి కట్టలో పెట్టి, దేవకమ్మ నడుం నిటారుగా చేసుకుంది. పుత్తూరులో ఇరవై ఏళ్లుగా ఆమె పని ఇదే. మోదుగాకులు పుల్లలతో కలిపి కుట్టడం, సాయంత్రం రైలుకు తిరుపతి సత్రాలకు పంపడం. పుల్లలు గుచ్చుకుని గుచ్చుకుని చూపుడువేలు కాయగట్టింది. నెరిసిన చిన్న ముడి, కాస్త ముందుకొచ్చిన పళ్లు, ఒక పక్కకు ఒరిగిన భుజం. నలుగురిలో నడిచిపోతే ఆమెను తిరిగి చూసేవాళ్లు లేరు.

ఈ రోజు పని పెందలాడే కట్టిపెట్టింది. రెవిన్యూ ఇన్‌స్పెక్టరు ఇంటికి వస్తున్నాడు. కొడుకు ధనంజయ మద్రాసులో బి.ఏ. చదువుతూ, పేద విద్యార్థులకు సర్కారు ఇచ్చే స్కాలర్‌షిప్పుకు అర్జీ పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు ఇల్లు చూసి రాసిస్తేనే అది వస్తుందట. రాకుంటే చదువు మాని వచ్చేస్తానని ఉత్తరం రాశాడు.

ఆ పిచ్చితల్లి ఏం చేసిందో చూడండి! పెళ్లివారిలాగే ఆఫీసరు కూడా ఇల్లు చూసి మెచ్చితేనే ఇస్తాడనుకుంది. వీధంతా తిరిగి ఇత్తడి బిందెలు, గంగాళం, కుర్చీ అడిగి తెచ్చింది. చింతపండుతో తోమి తళతళలాడించింది. పెళ్లిచూపులకు ఆ వీధిలో అందరూ చేసే పనే అది.

ఇన్‌స్పెక్టరు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసినా చక్కెర ఇంకా రేషనే. పక్కింటి వరదమ్మ ఇచ్చిన చారెడు చక్కెరతో కాఫీ కలిపి, వరదమ్మ లోటాలోనే పోసి ఆయన ముందు పెట్టింది. ఆయన బిందెల వరస చూశాడు. జేబులో కలం జేబులోనే ఉంది.

"నీకేం తక్కువమ్మా? ఇల్లు నిండుగా ఉంది. పేదవాళ్లని ఎలా రాయమంటావు?" అని లేచాడు.

దేవకమ్మకు చేసిన తప్పు అప్పుడు తెలిసింది. ఆ వెనకే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. నోరు మూసుకుంటే చాలు, బిడ్డ ఇంటికొచ్చేస్తాడు. పొయ్యి దగ్గర ఒక్కతే కూర్చుని తినే బాధ తప్పుతుంది. మూడేళ్లుగా ఆ ఒంటరితనం ఆమెను లోలోపల కొరుక్కు తింటోంది. ఇన్‌స్పెక్టరు గడప దాటబోయాడు.

"సామీ, నిలబడండి!"

వాకిట్లో ఇరుగుపొరుగంతా చూస్తున్నారు. దేవకమ్మ ఒక్కొక్క బిందెనూ వెలుతురుకు తిప్పింది.

"ఇది వరదమ్మది. సూడండి, పేరు కొట్టించుకోనుండాది. ఇది పెంచలయ్యోళ్లది. ఆ గంగాళం గురవమ్మది. కుర్చీ బడి అయ్యోరిది."

ఇన్‌స్పెక్టరు వంగి పేర్లన్నీ చదివాడు. "మరి నీ పేరున్నదేది?"

"నా పేరు యాడా లేదు సామీ."

ఆయన మళ్లీ కూర్చుని కలం తీశాడు. రాసి, ఆమె వేలిముద్ర వేయించుకున్నాడు. "ఇక నీ కొడుకు చదువుకు ఢోకా లేదు. సంతోషమేనా?"

"సంతోషమే సామీ. ఆడనే ఉండి సదువుకోనీ" అంది. వేలికంటిన సిరాను కొంగుకు తుడుచుకుంది.

ఆయన కాఫీ ముట్టకుండానే వెళ్లిపోయాడు. తర్వాత ఎవరి సామాను వాళ్లు మోసుకుపోయారు. వరదమ్మ చివరగా వచ్చి బిందె చంకనెత్తుకుంది.

"కాఫీ నువ్వు తాగక్కా. లోటా రేపిద్దువులే."

దేవకమ్మ తలూపింది. విస్తళ్ల కట్ట రైలుకు పంపి వచ్చి, ఆ పూట పొయ్యి వెలిగించకుండానే గోడకు ఆనుకుని కూర్చుంది. ఖాళీ ఇంటి నడుమ, మీగడ కట్టిన కాఫీతో లోటా అలాగే ఉంది.