రాజక్క ఏరిన పన్ను

కరీంనగర్ కాలేజీలో రాళ్ల పాఠాలు చెప్పే విజయేందర్ సారు, పోశం ఫోన్లో పంపిన ఫొటో చూసి రెండు నిమిషాల్లో తేల్చేశాడు: బర్రె పన్ను. కింద రెండు దండాల బొమ్మలు కూడా పెట్టాడు. వేల ఏండ్లు గోదావరి ఇసుకలో పడి రాయిగా మారిన పంటికి ఆయన ఇచ్చిన సమయం అంతే. ఛాయ్ చల్లారేదాకా ఆలోచిస్తే చదువుకు చిన్నతనం కాబోలు.

పోశం ఏడో తరగతి దాటలేదు. అందుకే మూడు వారాలుగా ఆలోచిస్తున్నాడు.

ఆ పన్ను ఆయన ఏరింది కాదు. రెండేండ్ల కింద, ఎండాకాలం నది సన్నబడినప్పుడు, స్నానానికి పోయిన ఆయన భార్య రాజక్క గులకరాళ్ల నడుమ నుంచి తీసింది. అరచేతిలో తిప్పి చూసి, "గుర్రం పన్నయ్యా ఇది" అన్నది. ఆమె తండ్రి జగిత్యాలలో జట్కా నడిపినవాడు. పెండ్లయ్యేదాకా గుర్రం నోరు తెరిచి ఇరుక్కున్న గడ్డి తీసిన చేతులు ఆమెవి. ఒడ్డునే ఉన్న పోశం పదిమంది ముందర నవ్వాడు.

"గోదాట్లె గుర్రాలెక్కడియే? బర్రెది. మీ బాపు జట్కా గిట్ల మునిగిందా ఏంది ఈడ?"

పదిమందీ నవ్వారు. రాజక్క పన్ను కొంగున కట్టుకొని తెచ్చి గూట్లో పెట్టింది. పోయిన ఏడాది జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయింది. ముప్పై ఏండ్ల కాపురంలో "నువ్వన్నదే నిజం" అనే మాట పోశం నోట ఒక్కసారీ రాలేదు. ఆమె కూడా అడిగి ఇబ్బంది పెట్టలేదు.

ఇంట్లో కొట్లాడే మనిషి లేక పోశం నది పట్టాడు. ఏడాదిలో బస్తాడు రాతిపళ్లు ఏరాడు. ఆవువి, దుప్పివి, బర్రెవి. బర్రె పంటి నమిలే ముఖం మీద నెలవంకల్లాంటి గీతలుంటాయి. గుర్రానిదైతే మెలికల ముగ్గు. గూట్లో పన్నును బస్తాలోని ఏ పన్ను పక్కన పెట్టినా పోలిక కుదరలేదు. కానీ నమిలే ముఖాన్ని సున్నపు పొర రొట్టెలా కప్పేసింది. రాజక్క మాట నిలుస్తుందో, పోశం నవ్వు నిలుస్తుందో ఆ పొర కిందే ఉంది. జన్మలో మొదటిసారి పోశం ఓడిపోవాలని కోరుకున్నాడు.

వెదురు పుల్లతో రోజుకు గోరంత గీకేవాడు. నీళ్లతో మెత్తగా తుడిచి, తడిగుడ్డ చుట్టి నీడన పెట్టేవాడు. గబగబా ఆరితే రాతిపన్ను పగులుతుంది. పోశం మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తే సారు ఆదిలాబాద్‌లో పెండ్లికి పోతూ ఆదివారం దారిలో ఆగి చూస్తానన్నాడు. పెండ్లి లేకుంటే శాస్త్రానికి ఆ భాగ్యం దక్కేది కాదు.

శనివారం పోశం పొలం నుంచి వచ్చేసరికి అరుగు మీద, ఎండలో, ఇత్తడి చెంబుల పక్కన పన్ను తెల్లగా ఆరుతోంది. రెండు ముక్కలుగా. పక్కింట్లో ఉండే ఆయన అక్క రామవ్వ చేతులు తుడుచుకుంటోంది.

"అక్కా! ఏం జేసినవే?"

"తోమిన. రేపు సారొస్తుండంటివి గదా. గా మురికి పన్ను జూపెడితే మన ఇజ్జతేం గావాలె?"

"దేనితోని తోమినవ్?"

"దేవుని సామాన్లు దేనితోని తోముతరు? చింతపండు, బూడిద. పొద్దుగాల్ల పులుసుల నానేసిన. మరదలు తెచ్చింది గదా అని జర ఎక్కువే పిసికిన."

"ఎండల ఎందుకు వెట్టినవ్?"

"తడిది గట్లనే ఉంచితే పాచి పట్టదా? గింత తెల్వదా నీకు?"

పోశం నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగింది. పంటి మీది పింగాణీ మెరుపు పోయింది. అడ్డంగా పగిలింది. కానీ ఆయన మూడు వారాలు గీకినా వదలని సున్నం పులుసుకు కరిగిపోయింది. కింద ముగ్గు. మెలిక మీద మెలిక. నెలవంక ఒక్కటీ లేదు.

ఆదివారం సారు భూతద్దం పెట్టి చూసి ముందు కోప్పడ్డాడు.

"ఆసిడ్ పెట్టిందెవరు? ఇట్ల ఖరాబు చేస్తరా?"

"ఆసిడ్ మాకెక్కడిది సారూ, చింతపండే" అన్నది రామవ్వ.

సారు మళ్లీ చూశాడు. చాలాసేపు చూశాడు. పెండ్లికి ఆలస్యమయ్యేటంతసేపు.

"గుర్రమే పోశమన్నా. ఫొటోల తెల్వలే. నాదే తప్పు. కాలేజీల పెడ్త. గుర్తుపట్టినోళ్ల కింద నీ పేరు రాస్త."

"నాది గాదు. రాజక్క అని రాయుండ్రి."

"ఆమె ఏం చదివింది?"

"గుర్రం నోరు."

సారు నవ్వబోయి, పోశం మొఖం చూసి మానుకున్నాడు. ఒక ముక్క తీసుకొని పోయాడు.

రెండో ముక్క జేబులో వేసుకొని పోశం ఛాయ్ హోటల్‌కు నడిచాడు. పదిమంది ముందర అన్న మాట పదిమంది ముందరే తీసుకోవాలి. ఆనాటి పదిమందిలో ఇద్దరు దుబాయి పోయారు. మిగిలినవాళ్లు బల్లల మీదే ఉన్నారు. పోశం ముక్కను బల్ల మీద పెట్టాడు.

"గుర్రందే. రాజక్క చెప్పిందే నిజం. ఆనాడు నేను నవ్విన. మీరు గూడ నవ్విండ్రు."

బాలమల్లు ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏనాడే? గోదాట్లనా? నాకు యాదికే లేదు పోశం. నువ్వు నవ్వినవా?"

మిగిలినవాళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ గుర్తులేదు. ఆ నవ్వును మోసింది ఇద్దరే. అందులో ఒకరు లేరు.

"నవ్విన" అన్నాడు పోశం. "చానాసేపు నవ్విన."