బుగ్గల్లోని గాలి

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. అరవై రెండేళ్లకు పలక పట్టినదాన్ని. ఒత్తులు ఒకచోట పెట్టబోతే ఇంకోచోట కూర్చుంటాయి. రోజుకు నాలుగు వాక్యాలకు మించి చెయ్యి సాగదు, ఈ కాస్త రాయడానికే వేసవి అంతా పట్టింది. ఇది నా తమ్ముడి పెళ్లాం కథ. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. మధ్యలో నేనూ వస్తాను. వచ్చినచోట ‘ఆడపడుచు’ అనే రాసుకున్నాను, నాకు అలా తేలికగా ఉంది.

బంగారప్పని చేసేవాళ్లలో ఆమె భర్తకి ‘సన్నపనాయన’ అని పేరు. ఆవగింజంత పువ్వుకి అయిదు రేకులూ విడివిడిగా తెరవగలడు. ఎవరూ అతకలేమని చేతులెత్తేసిన గొలుసులు, కొక్కేలు, ముక్కుపుడకలు ఆయన పీట దగ్గరికి చేరేవి. వీధిలోకి తలుపున్న ముందు గదే పనిచోటు. ఒక మూల బొగ్గుల కుంపటి, పక్కన నగ పెట్టి కొట్టే ఇనప దాగలి, ఎదురుగా నూనె దీపం. ఆ దీపం మంటని ఊదుగొట్టంతో సూదిలా వంచి, అతుకు పెట్టాల్సిన చోటికే పంపాలి. వెంట్రుకవాసి పక్కకి పోతే అతుకుతోపాటు నగా కరుగుతుంది. ముప్పై ఏళ్లలో ఆయన మంట పక్కకి పోలేదు.

జబ్బు ముందు పొద్దుటి పూటని పట్టుకుంది. నిద్ర లేచేసరికి వేళ్లు ముడుచుకుపోయి ఉండేవి. పెళ్లాం వేణ్నీళ్లు పెట్టి ఇస్తే అందులో చేతులు ముంచి కూర్చునేవాడు. మొదట్లో ఏడింటికి తెరుచుకున్న వేళ్లు కొన్నాళ్లకి పదింటికి గానీ తెరుచుకునేవి కాదు. కణుపులు ఉబ్బాయి. మోకాళ్లూ అంతే. ఒక్కో వాపు దిగేలోపల ఇంకో కీలు అందుకునేది.

ఆడపడుచు చూడ్డానికి వచ్చి, “ఏరా, ఆ వేళ్లేంటి అల్లం కొమ్ముల్లా?” అంది.

“నీ సొమ్ములో గీకిన పాపం అక్కా,” అన్నాడు. కంసాలి అక్క బంగారంలోనైనా కాస్త గీకుతాడని సామెత ఉంది కదా.

“గీకితే గీకావు. దాచుకున్నదేదో చూపించు, అది పట్టుకుని మంచి డాక్టరు దగ్గరికి పోదాం.”

“అదే ఉంటే ఈ పీట మీద ఎందుకు కూర్చుంటాను?”

నవ్వుతూనే అన్నాడు గానీ ఆ వారమంతా ఒక్క అతుకూ పడలేదని పెళ్లానికి తెలుసు. నగని పట్టే చిమటా పట్టుకుంటే జారిపోతోంది. తిండి తినేటప్పుడు ఆ చేతుల వంక చూసుకోవడం కూడా మానేశాడు. పనిలేక పీట మీద కూర్చున్న మగవాడి మొహం ఎలా ఉంటుందో ఆమె అప్పుడే చూసింది. పుట్టింటివాళ్లదీ అదే పని కాబట్టి ఆమెకి బంగారం కొత్తకాదు. ఒకరోజు ఎదురుగా పీట వేసుకుని చిమటా తను అందుకుంది.

“చెయ్యి నాది, నోరు మీది,” అంది.

“పెళ్లయినప్పట్నుంచీ నోరు నీదేగా. ఇన్నాళ్లకి నాకు వచ్చింది,” అన్నాడు.

ఆమె పట్టుకోవడం, ఆయన ఊదడం. అతుకు పట్టడానికి వెలిగారం ఎంత రాయాలో, టంకం ముక్క ఎక్కడ ఉంచాలో ఆయన కళ్లతో చెప్పేవాడు. రెండు నెలలకి ఇద్దరూ కలిసి ఒక పనివాడయ్యారు. పని ఇవ్వడానికి వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి చూసేవాళ్లు. “ఇదేం కాపురమండీ, మధ్యలో దీపం పెట్టుకుని,” అని ఒకావిడ అంటే ఇద్దరికీ నవ్వాగక ఆ పూట పని చెడింది.

ఊదడం కూడా నేర్చుకుందామని ఆమె ఒకసారి గొట్టం నోట్లో పెట్టుకుంది. నాలుగు ఊదులకే కళ్లు తిరిగాయి.

“ఊపిరితో కాదే పిచ్చిదానా, బుగ్గలతో,” అన్నాడు. “బుగ్గల నిండా గాలి పట్టు. ఆ గాలిని బుగ్గలే గొట్టంలోకి నొక్కుతాయి. ఆలోగా ముక్కుతో నీ ఊపిరి నువ్వు తీసుకో. కాస్త ఊపిరున్నా చాలు, మంటకి ఆ సంగతి తెలియదు.”

ఆమెకి ఊదడం పట్టుబడలేదు. ఈ సంగతి మాత్రం తెలిసింది.

తర్వాత ఆమె కొన్ని చూసింది. పొడి దగ్గు. కఫం రాదు, జ్వరం లేదు, ఊరికే దగ్గు. మేడమీదికి పన్నెండు మెట్లుంటే ఆరో మెట్టు మీద ఆగేవాడు. “మోకాళ్లు,” అనేవాడు. ఆమె నమ్మింది, ఆయనా నమ్మాడు. రానురాను మేడ ఎక్కడమే మానేశాడు. నడవడం తగ్గింది, బజారు తగ్గింది. కూర్చున్నవాడికి ఆయాసం ఎక్కడిది? అయినా స్నానం చేసి వచ్చి తువ్వాలు భుజానేసుకుని గోడకి చెయ్యి ఆనించి నిలబడేవాడే, అది మాత్రం మోకాళ్ల వల్ల కాదని ఆమెకి లోపల ఎక్కడో అనిపించేది.

కీళ్ల డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరూ వెళ్లింది ఆ రోజుల్లోనే. డాక్టరమ్మ మంచి మనిషి. ఒక్కో వేలూ నొక్కి చూసి, రక్తం కాగితాలు చదివి, తీరిగ్గా చెప్పింది.

“కీళ్లవాతమని పేరే గానీ ఇది కీళ్లతో ఆగదండీ. ఒక గది అద్దెకి తీసుకుని మెల్లగా ఇల్లంతా సర్దుకునేవాళ్లుంటారు చూడండి, ఆ రకం. గుండెని పట్టచ్చు, ఊపిరితిత్తుల్ని పట్టచ్చు, కళ్లని పట్టచ్చు. కళ్లలో ఇసుక పడ్డట్టు ఉంటుందా?”

“ఉంటుంది. కుంపటి పొగ వల్ల అనుకున్నాను.”

“ఛాతీలో నొప్పి?”

“లేదు.”

“దగ్గు?”

“కాస్త. అదీ పొగే.”

“నడిచినా, మెట్లెక్కినా ఆయాసం వస్తోందా?”

ఆయన నవ్వాడు. “ఊదుగొట్టం పట్టుకుంటే పావుగంట ఆపకుండా ఊదుతానమ్మా. మంట తొణకదు. ఆయాసం ఉన్నవాడి వల్ల అవుతుందా అది?”

డాక్టరమ్మ పెళ్లాం వైపు తిరిగింది. “నిజమేనా అమ్మా?”

“నిజమే,” అంది ఆమె.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురులో పెట్టి చూసింది. “ఇందులో పెద్దగా ఏం లేదు. మొదట్లో కనపడదు కూడా. ఆయాసం ఉందంటే స్కాన్ తీయిద్దామనుకున్నాను. అంత సేపు ఊదగలిగితే ఇప్పుడే అక్కర్లేదులెండి. తేడా వస్తే మాత్రం వెంటనే రండి,” అని మందులు రాసింది.

గుమ్మం దాటుతుంటే ఆమె కాలు ఆగింది. వెనక్కి వెళ్లి బుగ్గల సంగతి, ఆరో మెట్టు సంగతి చెబితే సరిపోయేది. రెండు నిమిషాల పని. చెబితే డాక్టరమ్మ కుంపటికి దూరంగా ఉండమంటుంది. కుంపటి లేకపోతే ఈయన మళ్లీ ఆ మొహం వేసుకుని కూర్చుంటాడు. మందులు ఎలాగూ మొదలుపెట్టారు కదా, దగ్గూ వాటితోనే పోతుందేమో. ఇలా అనుకుని బయటికి వచ్చేసింది. ఆయన అప్పటికే చెప్పులు వేసుకుని నిలబడ్డాడు.

మందులు పనిచేశాయి. దాన్ని కాదనడానికి లేదు. నాలుగు నెలలకి వాపులు దిగాయి. ఏడాదిన్నరకి ఆయన తన చిమటా తను పట్టుకున్నాడు. ఆరోజు ఆడపడుచు వస్తే, “ఇదిగో అక్కా, నీ అల్లం,” అని పది వేళ్లూ చాపి చూపించాడు. వంకరలు పూర్తిగా పోలేదు, పట్టు మాత్రం వచ్చింది. మోకాళ్లూ తేలికయ్యాయి. నాలుగు వీధుల అవతలి మార్కెట్‌కి తనే వెళ్తానని సంచీ తీసుకుని బయల్దేరాడు.

గంట దాటినా రాలేదు. ఆమె ఎదురు వెళ్లింది. రెండో వీధి మలుపులో, మూసిన కొట్టు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఖాళీ సంచీ ఒళ్లో ఉంది. పెదవులు నేరేడు పండు తిన్నవాడి పెదవుల్లా ఉన్నాయి. మాట్లాడబోతే మాటకి గాలి చాలలేదు.

“మోకాళ్లా?” అంది ఆమె.

ఆయన తల అడ్డంగా ఆడించాడు.

అయినా మర్నాడు పీట మీద కూర్చున్నాడు. ఒక గొలుసు కొక్కెం, చిన్న అతుకు. ఆమె తన పీట వేసుకోలేదు, అవసరం లేదు కాబట్టి ఊరికే చూస్తూ నిలబడింది. మంట సూదిలా వెళ్లింది, నిలిచింది. బుగ్గలు తమ పని చేస్తున్నాయి. వాటిని మళ్లీ నింపడానికి లోపల్నుంచి గాలి రాలేదు. దగ్గు తెర వచ్చింది. మంట పక్కకి తూలింది. కొక్కెం, దాని వెనక రెండు లింకులు కరిగి ఒక్క ముద్దయిపోయాయి. ఆయన ఆ ముద్ద వంక చూస్తూ దగ్గుతూనే ఉన్నాడు.

ఈసారి పెద్దాసుపత్రి, ఊపిరితిత్తుల డాక్టరు. స్కాన్ బొమ్మలో ఆయన ఊపిరితిత్తుల కింది భాగమంతా తేనెపట్టులా కన్నాలు కన్నాలుగా ఉంది. మెత్తగా సాగాల్సింది గట్టిపడి మచ్చ కట్టిందని డాక్టరు చెప్పాడు. గట్టిపడ్డ ఊపిరితిత్తుల్లోకి రక్తం నెట్టీ నెట్టీ గుండె కుడిపక్క ఉబ్బిందట, కొన్నాళ్లుగా ఆయన పాదాలు వాస్తున్నది అందుకేనట.

“కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఆ కీళ్ల మందుల వల్లేనా బాబూ?” అని ఆడపడుచు అడిగింది.

“మందుల వల్ల కాదమ్మా. అదే జబ్బు. కీళ్లలో ఉన్నదే ఇక్కడికీ వచ్చింది. మూడు నాలుగేళ్ల నుంచీ ఉండి ఉంటుంది.”

“అప్పుడే తెలిసి ఉంటే?” అని అడిగింది పెళ్లాం.

డాక్టరు కాగితాలు తిరగేశాడు. “పాత ఫైల్లో ఆయాసం లేదని రాసుంది. అప్పుడే తెలిస్తే ముందుకు పోకుండా కొంత ఆపడానికి చూసేవాళ్లం. పోయినదాన్ని ఎప్పుడైనా తేలేం. ఇప్పుడు ఆపడానికి కూడా పెద్దగా మిగల్లేదు.”

ఇంటికి ఆక్సిజన్ మెషీను వచ్చింది. బిగించడానికి వచ్చినతను ముక్కుకి గొట్టం ఎలా పెట్టాలో చూపించి, గది నాలుగు పక్కలా చూసి కుంపటి దగ్గర ఆగాడు. “ఇది ఉన్నంత కాలం ఇంట్లో నిప్పు కుదరదు. దీపం కూడా. భగ్గుమంటుంది,” అన్నాడు. అతను ఉండగానే ఆమె కుంపట్లో బూడిద గోనెసంచిలోకి వంచింది. దాగలి బరువుకి కదల్లేదు, అక్కడే ఉండిపోయింది. పని ఇచ్చినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తమ నగలు వెనక్కి తీసుకెళ్లారు. ఒకరిద్దరు వేరే కంసాలి ఎవరున్నారని ఆయన్నే అడిగారు. ఆయనే చెప్పాడు.

ఒక మధ్యాహ్నం ఆమె మంచం పక్కన కూర్చుని అడగకుండానే అనేసింది.

“ఆ రోజు డాక్టరమ్మ దగ్గర బుగ్గల సంగతి నేను చెప్పలేదు. నాకు తెలుసు, చెప్పలేదు.”

ఆయన కళ్లు తెరవలేదు. “నాకు తెలియదటే? ఊదినవాణ్ణి నేనే కదా.”

“మరి మీరెందుకు చెప్పలేదు?”

“నువ్వు చెప్పేస్తావేమోనని నీ వంక చూశాను.” ఊపిరి కోసం ఆగాడు. “నిజమే అన్నావు. హమ్మయ్య అనుకున్నాను.”

ఆమె తిట్టు కోసం ఎదురుచూసింది. తిడితే కాళ్ల మీద పడి ఏడవచ్చు. ఆయన తిట్టలేదు. “ఆ రెండేళ్లు పని బాగా సాగిందిలే,” అన్నాడు. ఓదార్చడానికి అన్నాడు.

వానలు వెనకపట్టాక, ఒక పొద్దున మంచినీళ్లు అడిగి, రెండు గుక్కలు తాగి, పక్కకి తిరిగి పడుకున్నాడు. గుండె ఆగిపోయింది. మెషీను మాత్రం తిరుగుతూనే ఉంది. ఎలా ఆపాలో ఆమెకి తోచలేదు. ఆడపడుచు వచ్చి గోడ దగ్గర మీట కట్టేసింది.

నెల తిరిగాక ఆమె కీళ్ల డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరింది. ఎందుకని అడిగితే, “ఇంకెవరైనా వస్తే ఆవిడకి తెలియాలి కదా,” అంది. పొద్దున్నే వెళ్లి చీటీ తీసుకుని మూడు గంటలు కూర్చుంది. పేరు పిలిస్తే లోపలికి వెళ్లింది. కుర్చీలో వేరే డాక్టరున్నాడు, కుర్రవాడు. పాతావిడ వెళ్లిపోయి ఆరు నెలలైందట.

వచ్చింది కాబట్టి అతనికే చెప్పింది. “గొట్టం ఊదే పనివాళ్లు ఎవరైనా వస్తే, ఊదగలుగుతున్నారా అని అడగద్దు బాబూ. అది బుగ్గల పని. లోపల ఏమీ లేకపోయినా ఊదుతారు. మెట్లెక్కించి చూడండి. ఇంట్లోవాళ్లు బాగానే ఉన్నాడన్నా నమ్మద్దు.”

అతను ఓపిగ్గానే విన్నాడు. “సరేనమ్మా. ఇంతకీ మీకేం ఇబ్బంది?”

“నాకేం లేదు.”

“మరి చీటీ ఎందుకు తీసుకున్నారు?”

ఆమె చీటీ బల్ల మీద పెట్టింది. అతను చీటీ మీద అడ్డంగా గీత గీసి, గంట నొక్కాడు. తర్వాతి మనిషి గోడ పట్టుకుని లోపలికి వస్తుంటే ఆమె లేచి కుర్చీ ఇచ్చింది.

పాత డాక్టరమ్మ ఎక్కడికి వెళ్లిందో బయట అడిగింది. తెలియదన్నారు. తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అంటే, రేపు రమ్మన్నారు. మర్నాడు వెళ్లింది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్లింది. ఇప్పుడు వెళ్లడం లేదు.

సన్నపనాయన అక్క,
వయసు అరవై తొమ్మిది,
ఇప్పుడు బస్సుల డిపో వెనక సందులో, మరదలి దగ్గర ఉంటున్నాను.