పైకి మాత్రం పచ్చ

మా ఊరి పాలకేంద్రంలో కంప్యూటరు ముందు కూర్చునేది నా మనవరాలు లోహితే. ఎవరి పాలలో వెన్న ఎంతో మిషను చెబుతుంది, అది కంప్యూటర్లో అంకెగా పడుతుంది. వెన్న తగ్గితే అంకె ఎర్రగా కనిపిస్తుంది. ఈ నెల రిపోర్టు మొత్తం ఎరుపే. పొదుగువాపు ఊరంతా చుట్టబెట్టింది మరి. మా నల్లావునూ వదల్లేదు.

పలమనేరు డెయిరీ ఆఫీసు నుంచి పెద్దసారు వస్తున్నాడని తెలిసి మేనేజరు ప్రేమానందానికి చెమటలు పట్టాయి. నేను అక్కడే పాల క్యాను కడుగుతున్నాను.

"లోహితా, ఆ ఎరుపు తీసేయ్ పాపా. సూస్తే భయమేస్తా ఉండాది."

"అంకెలు మార్చకూడదు సార్."

"అంకెల జోలికి పోవద్దులే. పైకి కనపడేది మార్సు. లోపల ఎంతున్నా 'బాగుంది' అని పచ్చగా రావల్ల."

పిల్ల ఏదో నొక్కింది. అంకె లోపలే ఉంది, పైన మాత్రం అందరికీ పచ్చటి 'బాగుంది'. నా పేరు పక్కనా అదే. ఉత్తదని తెలిసీ రెండుసార్లు చదివించుకున్నాను. నన్ను గురించి అంత మంచి మాట ఎవరూ అన్న పాపాన పోలేదు, మా ఆయనతో సహా.

పెద్దసారు వచ్చాడు, చూశాడు, మురిసిపోయాడు.

"ఈ ఊరి ఆవులు భేషుగ్గా ఉండాయి ప్రేమానందం. పశువుల డాక్టరుకు ఈడ పనేముంది? రేపట్నుంచి పక్కూరికి పంపిస్తాలే."

ప్రేమానందం చెమట తుడుచుకుంటూ తలూపాడు.

డాక్టరు రాకపోతే నల్లావు పొదుగు గట్టిపడి ఎండిపోతుంది. ఇంటికి పోయి దాన్ని తోలుకొచ్చి సారు కారు పక్కన నిలబెట్టాను.

"ఈ ఆవెందుకవ్వా ఈడ?"

"మీ కంప్యూటర్లో ఇది బాగుండాదంట సార్. దీనికేమో సదవడం రాదు. మీరే రోంత పొదుగు పట్టి సూసి చెప్పండి."

సారు చెయ్యి వేశాడు. ఆవు కాలు విసిరింది. ఆయన ప్యాంటు దులుపుకుంటూ లోపలికి పోయాడు.

"పాపా, అసలు అంకెలు చూపించు."

లోహిత మళ్లీ నొక్కింది. రిపోర్టంతా ఎర్రబడింది, దాంతో పాటే ప్రేమానందం మొహమూ.

"డాక్టరు రేపు ఈడికే వస్తాడులే అవ్వా" అన్నాడు సారు. కారెక్కబోతూ ఆగి లోహిత వైపు తిరిగాడు. "వచ్చే నెల చిత్తూరు నుంచి మా పైసారు వస్తాడు పాపా. ఆ పచ్చది ఎట్ల చేసినావో మర్సిపోవద్దు."

"ఆయన కారు పక్కన నిలబెట్టేదానికి ఆవును గూడా కడిగి పెడతాంలెండి సార్" అన్నాను నేను.