రెండు మార్కుల దురద

దర్జీకి సోరియాసిస్ పట్టుకుని ఏళ్ళు గడిచాయి. ఆ జబ్బుకు జీతం లేని ఊడిగం చేస్తున్నది మాత్రం అతని భార్య. ఇంట్లో అతని మూలుగు పొయ్యి మీద ఎసరులా ఎప్పుడూ మరుగుతూనే ఉంటుంది. "ఏమే, దువ్వెన తే" అన్నాడంటే ఆమె చేతిలో పని వదిలి వచ్చి దాంతో వీపు గోకాలి. గట్టిగా గోకితే చంపుతున్నావంటాడు. మెల్లగా గోకితే తిన్న తిండి ఏమవుతోందంటాడు.

ఇన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చారు. ఈమధ్య నల్లకోటు కుట్టించుకున్న పెద్దమనిషి ఒకడు దాని భుజాల మీద దర్జీ ఒంటి నుంచి రాలిన తెల్లటి పొట్టు చూసి, కోటు అక్కడే పడేసి పోయాడు. దుకాణం యజమాని ఒకటే మాటన్నాడు. మంచి మందు మొదలుపెడితే ఆగుతాను, లేదంటే నీ మిషను మీద ఇంకొకడు కూర్చుంటాడు.

పెద్దాసుపత్రిలో కొత్త మందు మీద పరిశోధన జరుగుతోందనీ, జబ్బు ముదిరినవాళ్ళకు ఊరికే ఇస్తున్నారనీ పక్కింటి వదిన చెప్పింది. బయల్దేరే ముందు దర్జీ ఒంటికి నూనె పట్టించుకున్నాడు, భార్య చేత ఒంటి మీది పొట్టు రాలిపోయేలా రుద్దించుకున్నాడు, ఇస్త్రీ చొక్కా తొడిగాడు. వెళ్ళేది జబ్బు చూపించుకోడానికా, పెళ్ళికా అని ఆమె అడిగింది. నలుగురిలోకి పోతూ అసహ్యంగా ఉంటే ఏం మర్యాద అన్నాడు.

ఆసుపత్రిలో జబ్బు కొలిచే గదిలో ఒక చిన్న డాక్టరమ్మ ఉంది. అతని అరచేతినే కొలబద్దగా పట్టి, మచ్చలన్నీ కలిపి ఎన్ని అరచేతులంత ఉన్నాయో చూసింది. ఎరుపుకో మార్కు, మందానికో మార్కు వేసింది. పొట్టు దగ్గరకొచ్చేసరికి ఆగి, తోమిన గిన్నెలో మెతుకు వెతికినట్టు వీపంతా వెతికింది. చివరికి, ఈ వారంలో దురద ఎంత ఉందో సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పమంది. పది అంటే ఇంతకు మించి ఉండదనిపించే దురద.

ఇంట్లో పులి, వీధిలో పిల్లి. దర్జీ గొంతు సవరించుకుని, "ఏదోనమ్మా, ఓ రెండు వేసుకోండి" అన్నాడు, టీలోకి పంచదార చెప్పినట్టు.

పక్కనే నిలబడ్డ భార్యకు ఒళ్ళు మండింది. దుప్పటి మీద నెత్తురు మరకల సంగతి ఎత్తబోతే డాక్టరమ్మ వద్దన్నట్టు చెయ్యి చూపింది. దురద ఎవరిదో అంకె వాళ్ళ నోటి నుంచే రావాలట. గోకిన చేతికి లెక్కలో చోటు లేదు. అయినా మంచిపిల్ల, ఇంకోసారి ఆలోచించి చెప్పమని అతన్నే అడిగింది.

"ఆడవాళ్ళు గోరంతలు కొండంతలు చేస్తారమ్మా" అన్నాడు నవ్వుతూ. "రెండే."

దురద నాలుగైనా లేనివాళ్ళను పరిశోధనలో చేర్చుకోవడం కుదరదని డాక్టరమ్మ అప్పుడు చెప్పింది. దర్జీ నవ్వు ఆగిపోయింది. ఆలోచిస్తే ఆరు కూడా ఉంటుందేమోనని గొణిగాడు. చేతులు కాలాక ఆకులు. చెప్పిన అంకె దిద్దరట.

బస్సు కోసం నిలబడ్డారు. రేపు యజమాని ఏమడుగుతాడో ఇద్దరికీ తెలుసు. ఎండకు నూనె ఆరిపోయి దర్జీ ఒళ్ళు బిగుసుకుంది. ముందు ఒక భుజం ఎగరేశాడు. తర్వాత గుంజకు ఒరుసుకునే గేదెలా స్తంభానికి వీపు రుద్దాడు. చివరికి, పక్కవాళ్ళు వినకుండా, దువ్వెన తెచ్చావా అని అడిగాడు.

దువ్వెన సంచిలోనే ఉంది. ఆమె సంచిని ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది.

"రెండే కదండీ. ఓర్చుకోండి."